ప్రభువు బల్ల మీద కాళ్లు

శ్రీకాకుళం,
18 జూన్ 2018

ప్రిస్కిల్లాకి,

ప్రభువు నామంలో వందనాలు. ఈ మాట అలవాటు కొద్దీ రాశాను, ప్రేమ కొద్దీ కాదు.

ఫోను ఉండగా ఉత్తరం ఎందుకంటావేమో. ఫోనులో నా గొంతు లేవగానే నీ గొంతు లేస్తుంది. మధ్యలో నా తమ్ముడు పాల్ ఫోను లాక్కుని "అక్కా, తర్వాత మాటాడదాం" అని పెట్టేస్తాడు. మొగుడు వెనకేసుకొస్తున్నాడు గనక నీకు ధైర్యం. ఉత్తరాన్ని ఎవరూ మధ్యలో లాక్కోలేరు, పూర్తిగా చదువు.

మొన్న ఆదివారం మా సంఘం ప్రేమవిందులో నువ్వు చేసిన పని ఊరంతా చెప్పుకుంటోంది. భోజనాలయ్యాక మా అమ్మాయి షాలినికి ఒళ్లంతా దద్దుర్లు లేచిన మాట నిజమే. వాంతయింది, కళ్లు తిరిగాయి, అదీ నిజమే. వెంటనే మందిరంలోకి తీసుకొచ్చాం. పాస్టరు గారు, మా ఆయన, మిగతా సంఘపెద్దలు దాన్ని చెరో రెక్కా పట్టుకుని నిలబెట్టి, తలమీద చేతులుంచి ప్రార్థన మొదలుపెట్టారు. బిడ్డకి బాగోకపోతే మా సంఘంలో మా తాతల నాటి నుంచీ చేసేది ఇదే. నువ్వు అందర్నీ తోసుకుంటూ వచ్చి ఏమని అరిచావు? "ఆపండి ప్రార్థన! పిల్లని లేపకండి, సచ్చిపోతాది!" అన్నావు. విజయనగరంలో ఆస్పత్రి పెట్టుకున్న డాక్టరమ్మ నోట, సంతలో అరిచినట్టు అరుపు!

సరే, అది నోరు. మరి చేతులో? పిల్లని నేలమీద పడేసి దాని రెండు కాళ్లూ ఎత్తి ప్రభువు బల్ల మీద పెట్టావు. రొట్టె, ద్రాక్షారసం పెట్టే బల్ల ప్రిస్కిల్లా అది. చెప్పులతో సహా పెట్టావు. ఆ తర్వాత మగాళ్లందరూ చూస్తుండగా డ్రెస్సు మీంచే తొడకి సూది పొడిచావు. ఆ సూది పడ్డాక పిల్ల గజగజా వణికిపోయింది, గుండె దడదడలాడింది. అంతకు ముందు లేని వణుకు అప్పుడెక్కడి నుంచి వచ్చిందో నాకు తెలియదనుకున్నావా?

మా ఆయన ఇరవై ఏళ్లుగా సంఘపెద్ద. నిన్న ఆరాధనలో వెనక వరసలో కూర్చున్నారు. పాస్టరు గారికి క్షమాపణ ఉత్తరం రాయి. నా ద్వారా పంపించు, ముందు నేను చదవాలి.

పాల్ అక్క,
లీలారాణి

విజయనగరం,
26 జూన్ 2018

వదిన గారికి,

వందనాలు. నేనూ అలవాటు కొద్దీనే రాశాను.

మీరు స్కూలు హెడ్మిస్ట్రెస్ గనక వరసగా జవాబు చెప్తాను. విందు కోసం బెంచీలన్నీ బయట పందిట్లో వేశారు. మందిరంలో మిగిలింది ఆ బల్ల ఒక్కటే. ఇంకో స్టూలుంటే దాని మీద పెట్టేదాన్ని. చెప్పులు విప్పే తీరిక లేదు.

మీకు కనపడింది దద్దుర్లు. నాకు కనపడింది వేరు. దాని గొంతు బొంగురుపోయింది, పెదవులు ఉబ్బాయి, పిల్లికూతల్లాంటి ఆయాసం మొదలైంది, మణికట్టు దగ్గర నాడి దొరకలేదు. నా చెయ్యి పట్టుకుని "అత్తా, నాకేటో అయిపోతన్నాది, సచ్చిపోతన్నాను" అంది. ఆ మాట మీకు ఉత్త భయంలా వినపడిందేమో. మా పుస్తకాల్లో అది కూడా ఒక లక్షణమే. ఒళ్లంతా ఒక్కసారి అలర్జీకి తిరగబడితే రక్తనాళాలు వదులైపోయి బీపీ పడిపోతుంది. ఆ మనిషిని నిలబెడితే ఉన్న కాస్త రక్తమూ కాళ్లలోకి దిగిపోతుంది, గుండె ఉత్త సంచిలా కొట్టుకుని ఆగిపోతుంది. హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు కందిరీగలు కుట్టిన మనిషిని పడుకోబెట్టి పక్కకి తిరిగాను. మంచినీళ్లు పట్టడానికి వాళ్లవాళ్లు లేపి కూర్చోబెట్టారు. అంతే. అందుకే నా గొంతు సంతలో గొంతులా వచ్చింది.

నేనిచ్చింది నా బ్యాగులో ఎప్పుడూ ఉంచుకునే అడ్రినలిన్. వణుకూ దడా దాంతో వస్తాయి, కాసేపట్లో పోతాయి. వణుకుతున్న పిల్లకి నాడి దొరికిన సంగతి మీరు రాయలేదు.

ప్రార్థనకి నేను అడ్డం కాదు. పడుకోబెట్టి కూడా ప్రార్థన చెయ్యవచ్చు, దేవుడికి వినపడుతుంది. క్షమాపణ రాయను.

ఒక్క సంగతి చెప్పండి. ఆ రోజు కోడికూరలో మీరేం కలిపారు?

ప్రిస్కిల్లా

శ్రీకాకుళం,
10 జూలై 2018

ప్రిస్కిల్లాకి,

నీ ఉత్తరం చివర రాసిన ప్రశ్న మూడుసార్లు చదివాను. నేనేం కలిపానా? కన్నకూతురికి నేను విషం పెట్టానని అడుగుతున్నావా? అడిగేదేదో నేరుగా అడుగు.

కలిపింది జీడిపప్పు. పలాస నుంచి తెప్పించిన మొదటిరకం జీడిపప్పు, నా చేతులతో నానబెట్టి ముద్ద నూరి కూరలో వేశాను. అది విందుకి నేనిచ్చిన కానుక. సంఘమంతా తిన్నారు, చేతులు నాక్కుంటూ తిన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు. నువ్వూ తిన్నావు, రెండోసారి వేయించుకున్నావు కూడా.

ఇక్కడ పెద్ద డాక్టరు గారికి షాలినిని చూపించాను. నలభై ఏళ్ల అనుభవం. ఆయన ఏమన్నారో తెలుసా? "గుండె ఆగిపోయిన వాళ్లకిచ్చే మందమ్మా అది. బతికున్న పిల్లకి ఎవరిచ్చారు? దద్దుర్లకి దురద ఇంజెక్షనూ, స్టెరాయిడ్ ఇంజెక్షనూ ఇస్తే సరిపోయేది." ఇప్పుడేమంటావు?

ఇంకో మాట. షాలినికి సంబంధం వచ్చింది. పలాసలో జీడిపిక్కల ఫ్యాక్టరీ ఉన్న ఆదాము గారి అబ్బాయి. మంచి విశ్వాసుల కుటుంబం, అబ్బాయి బుద్ధిమంతుడు, షాలినికీ నచ్చాడు. అక్టోబరులో ఉంగరాలు మార్చి ప్రధానం పెట్టుకుందాం అంటున్నారు. పిల్లకి మూర్ఛలున్నాయని ఎవరో అప్పుడే వాళ్ల చెవిన వేశారట. ఆ బల్ల మీద కాళ్లు చూసినవాళ్లే అయివుంటారు. మా ఆయన వెళ్లి, ఎండదెబ్బ అని చెప్పి వచ్చారు. నువ్వు అలర్జీ అనే మాట నోట్లోంచి రానివ్వకు.

లీలారాణి

విజయనగరం,
21 జూలై 2018

వదిన గారికి,

జీడిపప్పు! ఉత్తరం చదివి కుర్చీలోంచి లేచాను.

చిన్నప్పుడు షాలిని ఉప్మాలో జీడిపప్పు ఏరి పక్కన పెట్టేది, మీకు గుర్తుందా? నాలుక దురదగా ఉందనేది. "తిండికి వంకలు పెట్టకు" అని మీరు మళ్లీ పళ్లెంలోకి తోసేవారు. నేను కొత్తకోడలిగా వచ్చిన ఏడాదే చూశాను. అది వంక కాదు వదినా. ఒంటికి పడదని పిల్ల చెప్తోంది. గింజ కనపడితే ఏరేది, ముద్ద నూరి వేస్తే ఏం ఏరుతుంది?

సంఘమంతా తిన్నారు, నిజమే. అందరికీ పడినది ఒకరికి పడకపోవచ్చు. మీ వంటకి నేను వంక పెట్టలేదు, అది అమృతంలా ఉంది. చాలా?

మీ పెద్ద డాక్టరు గారిచ్చే దురద ఇంజెక్షను దురద తగ్గిస్తుంది. పూడుకుపోయే గొంతుని తెరవదు, పడిపోయిన బీపీని లేపదు. స్టెరాయిడ్ పని మొదలుపెట్టడానికి గంటలు పడుతుంది, అప్పటికి ఆ మనిషి ఉండాలి కదా. ముందు ఇవ్వాల్సింది అడ్రినలిన్, తొడకి బయటివైపు, కండలోకి. మిగతావన్నీ దాని తర్వాత. ఆయన అనుభవానికి నమస్కారం, ఈ విషయంలో మాత్రం ఆయన తప్పు. నలభై ఏళ్లూ ఒకే తప్పు చేస్తే అది ఒప్పయిపోదు.

ఈసారి ఇంకా తక్కువ తిన్నా ఇంతకంటే ఎక్కువ రావచ్చు. అందుకని పాల్ చేత ఒక పెట్టె పంపిస్తున్నాను. రెండు అడ్రినలిన్ గాజు ఆంప్యూళ్లు, రెండు సిరంజిలు. ఎంతవరకు లాగాలో సిరంజి మీద ఎర్ర గోళ్లరంగుతో గీత పెట్టాను. ఎక్కడ గుచ్చాలో తెలిసేలా కాలి బొమ్మ గీసి గుర్తు పెట్టాను. ఎండ తగలనివ్వకండి, ఫ్రిజ్‌లో పెట్టకండి, మందు రంగు మారితే పారెయ్యండి. ఇచ్చాక తగ్గినట్టు కనిపించినా ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిందే, కొందరికి తగ్గి మళ్లీ తిరగబెడుతుంది.

ఇక సంబంధం గురించి. జీడిపిక్కల ఫ్యాక్టరీ ఉన్న ఇంటికా? ఆ ఇంట్లో జీడిపప్పు పడని గిన్నె ఉంటుందా? ఆదాము గారికి మీరు చెప్పకపోతే నేనే ఉత్తరం రాస్తాను.

ప్రిస్కిల్లా

శ్రీకాకుళం,
3 ఆగస్టు 2018

ప్రిస్కిల్లా,

వందనాలు గిందనాలు లేవు.

వాళ్లకి ఉత్తరం రాస్తావా? రాసి చూడు. ఆ రోజు నుంచి నా గుమ్మం నువ్వు తొక్కవు. షాలిని మొహం కూడా చూడవు. నీకు పిల్లల్లేరు గనక ఒక సంబంధం కుదర్చడానికి ఎన్ని గడపలెక్కాలో నీకు తెలియదు. పిల్ల రంగు దగ్గర్నుంచి చదువు దాకా అన్నిటికీ వంకలు విన్నాను. కుదిరిన ఒక్కదాన్నీ మరదలు చెడగొట్టిందని చెప్పుకుంటూ తిరగాలా?

జీడిపప్పు తినదు, అంతే కదా. నా పక్కనే కూర్చోబెట్టుకుని నేనే చూసుకుంటాను. పెళ్లయ్యాక నెమ్మదిగా వాళ్లకే తెలుస్తుంది. అత్తారింట్లో అన్నీ మొదటిరోజే చెప్పి వచ్చావా నువ్వు?

నీ పెట్టె తిరిగి పంపిద్దామనుకున్నాను. షాలిని ఇవ్వలేదు, హ్యాండుబ్యాగులో పెట్టుకుని తిరుగుతోంది. వేరే కొన్న ఖాళీ సిరంజితో కమలాపండు మీద గుచ్చడం నేర్చుకుంటోంది, తలుపేసుకుని. నేను చూడలేదనుకుంటోంది. ఇక ఆ కాలి బొమ్మ! ఎమ్మే, బీఎడ్ చేసినదానికి ఒకటో తరగతి పిల్లకి పంపినట్టు బొమ్మ గీసి పంపుతావా?

లీలారాణి

విజయనగరం,
12 ఆగస్టు 2018

వదిన గారికి,

పిల్లల్లేని సంగతి మీరు గుర్తు చెయ్యక్కర్లేదు. పాల్‌కి మీ ఉత్తరం చూపించలేదు, చూపిస్తే ఆయన మీ ఇంటికి ఇక రాడు.

నేను రాయను. మీకు భయపడి కాదు. నన్ను షాలినికి దూరం చేస్తే దాన్ని చూసే డాక్టరు మీ దురద ఇంజెక్షను పెద్దాయన ఒక్కడే మిగులుతాడు. పైగా షాలిని చిన్నపిల్ల కాదు, చెప్పాల్సింది తను. అడిగితే "అమ్మ సెప్తానంది అత్తా, నువ్వు మాటాడకు" అంది. కనక మాట ఇస్తున్నాను, మీరు వద్దన్నారు గనక ఒక్క అక్షరం రాయను.

మీరు చెప్పండి. ప్రధానానికి ముందే చెప్పండి.

ప్రిస్కిల్లా

శ్రీకాకుళం,
8 నవంబరు 2018

ప్రిస్కిల్లాకి,

రాయనని రాసి, రాశావన్నమాట. డాక్టరువి కదా, చేతికి నొప్పి తెలియకుండా పొడవడం వచ్చు.

అక్టోబరు మధ్యలో పెట్టుకున్న ప్రధానం. ఇప్పటికి మూడు వారాలు దాటింది, ఆదాము గారి దగ్గర్నుంచి కబురు లేదు. మా ఆయన ఫోను చేస్తే "సూద్దామండి, కొంచెం ఆగండి" అంటున్నారట. ఏం చూస్తారు? నీ ఉత్తరమే చూస్తున్నారు. షాలిని అన్నం సరిగ్గా తినడం లేదు. నీ కడుపు చల్లబడిందా?

పాల్‌కి చెప్పు, అక్క ఇంటికి రావాలంటే ఒక్కడే రమ్మని.

లీలారాణి

విజయనగరం,
15 నవంబరు 2018

వదిన గారికి,

తిత్లీ తుపాను పలాస మీదనుంచే పోయిందని మీ స్కూల్లో ఎవరూ చెప్పలేదా? వైద్య శిబిరానికి నేను ఆ వైపు వెళ్లి వచ్చాను. జీడితోటలు వేళ్లతో సహా పడి ఉన్నాయి, కొబ్బరిచెట్లకి తలల్లేవు. ఆదాము గారి ఫ్యాక్టరీ రేకులు ఎగిరిపోయాయి. నేను ఆ వీధిలోంచే నడిచాను, వాళ్ల గుమ్మం ముందునుంచే. తోటలు పోయిన మనిషి కొంచెం ఆగమంటే మీకు నా ఉత్తరం కనపడింది.

లోపలికి వెళ్లి చెప్పేద్దామని కాళ్లు ఆగాయి. మాట ఇచ్చాను గనక వచ్చేశాను. ఎవరికీ ఏమీ రాయలేదు, ఏమీ చెప్పలేదు. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి.

మీరు చెప్పారా?

ప్రిస్కిల్లా

శ్రీకాకుళం,
22 జనవరి 2019

ప్రిస్కిల్లాకి,

పాల్ ఫోనులో నీకు సగం చెప్పి ఉంటాడు. మిగతా సగం నేను రాస్తాను. నువ్వు పరామర్శకి రానక్కర్లేదు.

గురువారం పలాసలో వాళ్లింటి ముందు పందిట్లోనే ప్రధానం జరిగింది. తోటలు పోయినా ఏ లోటూ చెయ్యలేదు. ముందర బల్ల వేసి, తెల్లగుడ్డ పరిచి, బైబిలూ ఉంగరాలూ కేకూ పెట్టారు. షాలిని నీలం పట్టుచీర కట్టుకుంది. భోజనంలో ఏది తినాలో ఏది తినకూడదో దానికి ముందే చెప్పాను, పక్కనే కూర్చున్నాను. వాళ్లకి మాత్రం చెప్పలేదు. నువ్వు మళ్లీ అడగకుండా నేనే రాస్తున్నాను.

భోజనాల దాకా రానే లేదు. ఉంగరాలు మార్చుకోగానే ఆదాము గారి భార్య లేచి, కాబోయే కోడలి నోరు తీపి చెయ్యాలని జీడిపప్పు పాకం ముక్క తెచ్చింది. "మా తోటలో ఆఖరి పిక్కలమ్మా, నోరు తెరు" అని తన చేత్తో నోట్లో పెట్టేసింది. షాలిని నాకేసి చూసింది. అత్తగారి చేతి ముద్ద అందరి ముందూ ఎలా ఉమ్ముతుంది? నేను నోరు తెరిచాను, మాట రాలేదు. అది మింగేసింది.

పాట ఒకటి అయ్యేలోపు అరచేతులు గోక్కోవడం మొదలుపెట్టింది. పెదవులు ఉబ్బాయి. "అమ్మా, అత్తకి సెప్పిన మాటే, మళ్లీ అలాగే ఉన్నాది" అంది, ఆ గొంతు దానిది కాదు. బ్యాగు తెరవబోయింది, వేళ్లు ఆడలేదు, ఒరిగిపోయింది. పాస్టరు గారు "నిలబెట్టండి, ప్రార్థన చేద్దాం" అన్నారు. మా ఆయన ఒక రెక్క పట్టుకున్నారు, ఆదాము గారు ఇంకో రెక్క పట్టుకున్నారు.

"పిల్లని లేపకండి, సచ్చిపోతాది!" అని అరిచాను. ఆ అరుపు విని మా ఆయన చెయ్యి వదిలేశారు. ఎమ్మే, బీఎడ్ ఎక్కడికి పోయిందో నాకు తెలియదు.

బైబిలు తీసి పాస్టరు గారి చేతిలో పెట్టాను. మిగతావి ఎటు పడ్డాయో చూడలేదు. దాన్ని నేలమీద పడుకోబెట్టి కాళ్లు ఆ బల్ల మీద పెట్టాను. అబ్బాయి చిన్నాన్న ఎవరో డాక్టరట, "ఆ మందు గుండెకి ప్రమాదమండీ, ముందు దురద ఇంజెక్షన్ తెప్పిస్తాను" అన్నాడు. నోరు మూసుకోమన్నాను. ఆంప్యూలు మెడ విరిచేటప్పుడు నా వేలు తెగింది. గీత దాకా లాగి, పట్టుచీర మీంచే గుచ్చాను. తగ్గినట్టే తగ్గి, అంబులెన్సు వచ్చేలోపు మళ్లీ ఆయాసం మొదలైతే రెండోదీ ఇచ్చాను. వణికింది. ఆ వణుకు చూస్తూ కూర్చున్నాను, అంతకంటే మంచిది నేను నా జన్మలో చూడలేదు.

షాలిని ఆస్పత్రి నుంచి ఇంటికి వచ్చింది. ఉప్మా అడిగింది, ఉత్త ఉప్మా చేసి పెట్టాను.

నిన్న ఆదాము గారి కబురు వచ్చింది. "మా ఇంట గాల్లో కూడా జీడి పొడే ఉంటాది. ఆ పిల్ల ఎలా బతుకుతాది? మాకు ముందే సెప్పుంటే ఇంత దూరం రాకపోదుం" అన్నారట. మర్యాదగానే అన్నారు. ఉంగరం తిరిగి పంపించేశాం. షాలిని ఒకరోజంతా ఏడ్చింది, నాతో ఇంకా మాట్లాడటం లేదు.

నీ మీద నా కోపం తగ్గిందనుకోకు. నువ్వు ఆగస్టులోనే రాసి ఉంటే వాళ్లు ఆగస్టులోనే వద్దనేవారు, ఇల్లు దాటి ఎవరికీ తెలిసేది కాదు. నవంబరులో వాళ్ల గుమ్మం ముందునుంచి నడిచి వెళ్లి కూడా లోపల అడుగు పెట్టలేదు. ఈ ఇంటికి వచ్చి పన్నెండేళ్లయింది. కూరలో ఉప్పు తగ్గించమంటే వినలేదు, విజయనగరంలో ఆస్పత్రి వద్దంటే వినలేదు, ప్రార్థన ఆపొద్దంటే వినలేదు. పన్నెండేళ్లలో నా మాట ఒక్కటి వినని దానివి, ఆ ఒక్కటీ ఎందుకు విన్నావు?

లీలారాణి

తా.క.: షాలిని బ్యాగులో పెట్టె ఖాళీగా ఉంది. వెంటనే పంపించు, నాకూ ఒకటి వేరేగా పంపు. కాలి బొమ్మ అక్కర్లేదు. ఎక్కడ గుచ్చాలో నాకు తెలుసు.